ఏనుగుల వీరాస్వామయ్య

పాలమూరు మెట్టనేలపై పుట్టి పెరిగిన బాలునకు సముద్రము కంటబడని వింత. అతడెరిగిన నీరు చెరువునీరు, మోటబావి నీరు, వానకాలమున పొంగి వేసవి నాటికి ఇసుకగా మిగులు వాగునీరు. నల్లగొండ సీమలోని బాలుని సంగతియు ఇంచుమించుగ అంతియే. ఎఱ్ఱని చల్కనేలలు, బండరాతి గుట్టలు, తాటివనములు, జొన్నచేలు వారు ప్రతిదినము చూచు భూగోళము. తూర్పుతీరమును గూర్చి వారు పాఠశాలలో పటము చూచి తెలిసికొందురు. పటములో తీరము ఒక వంకరగీత, నది ఒక నీలిరేఖ, పట్టణము ఒక చుక్క. ఆ గీత వెంబడి మనుష్యులెట్లు బ్రతుకుచున్నారో, ఆ రేఖను దాటుటకు ఎంత శ్రమపడవలెనో, ఒక చుక్కనుండి వేరొక చుక్కకు పోవుటకు ఎన్ని దినములు పట్టునో పటము చెప్పదు.

మన దేశమున రైలు అడుగుపెట్టుటకు ఇరువది సంవత్సరములకు పైగా ముందే ఆ తీరమార్గమున ప్రయాణము చేసి, చూచిన దానిని తెలుగున వ్రాసిపెట్టిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన చెన్నపట్నవాసి. సముద్రపుగాలికి అలవాటుపడిన మనిషి. అయినను ఆయన యాత్ర తీరమునకే పరిమితము కాలేదు. పోవునపుడు పాలమూరు మెట్టసీమ మీదుగ పోయెను. వచ్చునపుడు సముద్రతీరము వెంట వచ్చెను. ఎగువ నేలను, దిగువ నేలను ఒకే యాత్రలో చూచి, రెంటిని ఒకే గ్రంథమున చేర్చెను.

వీరాస్వామయ్య సుమారు 1780లో జన్మించెను. తండ్రి పేరు సామయమంత్రి. తొమ్మిదేండ్ల ప్రాయముననే ఆయనకు పితృవియోగము కలిగెను. అండ తొలగిన బాలుడు దిగులుపడి కూర్చుండలేదు. ఆ దినములలో వీధిబడులు గుణింతములు, ఎక్కములు, శతకములు నేర్పుచుండెను. ఆంగ్లము నేర్చుకొనగోరువాడు తన పాట్లు తానే పడవలసి యుండెను. వీరాస్వామయ్య స్వయంకృషితో ఆ భాషను అభ్యసించెను. పండ్రెండవయేటనే తూర్పు ఇండియా కుంపిణీవారి కచేరీలో పని నేర్చుకొనుటకు చేరెను. కొంతకాలము తిరునల్వేలిలో ఉద్యోగము చేసి, పిదప చెన్నపట్నము వచ్చి, క్రమముగా అచటి సుప్రీముకోర్టులో ప్రధాన దుబాసి పదవిని పొందెను.

దుబాసి యనగా రెండు భాషలు తెలిసినవాడు. న్యాయాధిపతికి తెలుగు రాదు. సాక్షికి ఆంగ్లము రాదు. ఇద్దరికి నడుమ నిలిచి ఒకరి మాటను మరియొకరికి తెలుపువాడు దుబాసి. అతడు ఒక్కమాట జారవిడిచినను, ఒక్కమాట చేర్చినను నిర్దోషికి శిక్ష పడవచ్చును. విన్నదానిని విన్నట్లు, చూచినదానిని చూచినట్లు చెప్పుట ఆ వృత్తికి ప్రాణము. ఆ గుణము ఆయన ఉద్యోగమును నిలబెట్టెను. తరువాత ఆయన వ్రాసిన గ్రంథమునకును వెల కలిగించెను.

యాభై యేండ్ల వయస్సున ఆయనకు కాశీయాత్ర చేయవలెనను సంకల్పము కలిగెను. ఆ కాలమున కాశీకి పోవుట కాటికి పోవుటతో సమానమని జనులు చెప్పుకొనెడివారు. మార్గమున అడవులు, దొంగలు, జ్వరములు. నదులకు వంతెనలు లేవు. ఒక ప్రభుత్వపు నాణెము మరియొక ప్రభుత్వపు సీమలో అదే విలువకు చెల్లదు. ఇన్నింటిని ఎరిగియు ఆయన వెనుదీయలేదు. కుటుంబజనులు, పరిజనులు, బోయీలు అందరును కలిసి దాదాపు నూరుమంది వెంట నడువగా 1830 మే 18వ తేదీన చెన్నపట్నమునుండి బయలుదేరెను. అంతమంది క్షేమము ఆయన భుజములపై నుండెను. ప్రతిదినము వారికి అన్నము, నీరు, రాత్రికి తలదాచుకొను చోటు సమకూర్చవలసినవాడు ఆయనయే.

ఆయనకు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళె యను ప్రియమిత్రుడు కలడు. అతడు విద్యావ్యాప్తికై పాటుపడిన ఉదారుడు. మార్గమున చూచిన వింతలను, విశేషములను ఎప్పటికప్పుడు వ్రాసి పంపుమని అతడు కోరెను. వీరాస్వామయ్య ఆ మాట మరువలేదు. ప్రయాణముచేసి అలసిన దినములందును కలము పట్టెను. ఏ యూరికి ఏ యూరు ఎంత దూరము, త్రోవ ఇసుకయా రాయియా, త్రాగునీరు బావిలోనిదా చెరువులోనిదా, అంగడిలో ఏ వస్తువులు దొరకును, జనులు ఏ భాష మాట్లాడుదురు, ఏ ప్రభువు ఏలుచున్నాడు, ఇట్టి సంగతులు ఆయన వ్రాతలో చేరెను. దేవాలయమును వర్ణించినవాడే ఆ దేవాలయమునకు పోవు త్రోవలోని గుంటలను గూర్చియు వ్రాసెను.

ఆయన తిరుపతి, కడప, అహోబిలము చూచుకొని శ్రీశైలము చేరెను. అచ్చట నల్లమల కొండల నడుమ కృష్ణానది లోతైన రాతిలోయలో ప్రవహించును. ఆ భాగమున నదికి ఇరువైపుల కట్టగట్టినట్లు కొండలు నిలుచుండును. నీరు కన్నులకు కనబడుచుండును గాని పొలమునకు అందదు. ఒడ్డున నిలిచిన రైతు నదిని చూచుచునే వానకై ఆకాశము వంక చూడవలెను. మెట్టసీమ కష్టమంతయు ఈ ఒక్క విషయమున నున్నది.

ఆ కాలమున కృష్ణకు దక్షిణపుటొడ్డు కందనూరు నవాబు పాలనలో నుండెను. కందనూరనగా నేటి కర్నూలు. ఉత్తరపుటొడ్డు హైదరాబాదు నిజాము రాజ్యము. నది దాటుట యనగా ఒక రాజ్యమునుండి మరియొక రాజ్యమున అడుగిడుటయే. వెదురుతో బుట్టవలె అల్లి తోలు కప్పిన పుట్టి ఆ నాళ్లలో కృష్ణ దాటువారికి ఆధారము. గుండ్రని ఆ పుట్టి ప్రవాహములో గిరగిర తిరుగుచు, సరంగు నేర్పుపై ఆధారపడి ఆవలిగట్టు చేరును.

వీరాస్వామయ్య కృష్ణ దాటి పెంట్లవెల్లి, పానుగల్లు, వనపర్తి, జడచర్లల మీదుగ హైదరాబాదు వైపు సాగెను. ఇప్పుడు వనపర్తి ఒక జిల్లాకు ముఖ్యపట్టణము. పెంట్లవెల్లి నాగర్‌కర్నూలు జిల్లాలో నున్నది. ఆ దినములలో ఇచ్చట నిజామునకు లోబడిన సంస్థానాధీశులు పాలించుచుండిరి. కృష్ణ యొడ్డునుండి హైదరాబాదు వరకు గల సీమలోని జమీందారులు తమలో తాము కలహించుకొని, ఒకరి గ్రామములను మరియొకరు కొల్లగొట్టుచు, పంటలు పాడుచేయుచు రైతులను బాధించుచున్నారని ఆయన వ్రాసెను. యాత్రికుడై వచ్చిన పరదేశికి ఈ గొడవ యేల యని ఆయన కన్నులు మూసికొనలేదు. ఆ నేల పేదయైనందుకు వానలేమి యొక్కటే కారణము కాదు. విత్తిన పంట యింటికి వచ్చునను నమ్మకము లేనిచోట ఎంత మంచినేలయైనను బీడుపడును. భూమిని గూర్చి తెలిసికొనదలచినవాడు దానిని పాలించు తీరునుగూడ తెలిసికొనవలెనని ఆయన వ్రాతవలన బోధపడును.

హైదరాబాదున ఆయన మూసీనదిని, నగరమును, సికిందరాబాదులోని దండును చూచెను. ఆ మూసీ తూర్పుగ ప్రవహించి, నల్లగొండ సీమను తడిపి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. నగరమున ఆయన చూచిన నీరు పోయి పోయి సముద్రము చేరునది యనుట గమనింపదగిన విషయము.

అటుపిమ్మట ఆయన నిర్మల మార్గమున గోదావరీతీరము దాటి నాగపూరు, జబ్బలుపూరు మీదుగ ప్రయాగ చేరెను. కాశీలో విశ్వనాథుని సేవించెను. గయలో పితృకర్మలు నెరవేర్చెను. కుంపిణీవారి రాజధానియైన కలకత్తా చూచెను. యాత్రాఫలము దక్కినది. అలసట తీర్చుకొని యింటికి చేరుటయే మిగిలినది. అయినను ఆయన వ్రాత మానలేదు. తిరుగు ప్రయాణములోని తీరభూమిని గూర్చియు అంతే శ్రద్ధతో వ్రాసెను.

జగన్నాథమున స్వామిని సేవించి ఆయన దక్షిణముగా నడచెను. ఎడమవైపు బంగాళాఖాతము, కుడివైపు తూర్పుకనుమలు. ఈ రెంటి నడుమ నున్న నేలయే తీరభూమి. ఉత్తరమున అది సన్నని పట్టీవలె నుండును. కొన్నిచోట్ల కొండలు సముద్రమును తాకునట్లు వచ్చును. చిలుక సరస్సు సముద్రమునకు ఇసుకతిన్నె యొక్కటే అడ్డముగా గల ఉప్పుకయ్య. దానికి దక్షిణమున గంజాము. ఒకప్పుడు గొప్పగా వెలసిన ఆ పట్టణము 1815 ప్రాంతమున విషజ్వరములవలన పాడుపడెను. కచేరీలు ఛత్రపురమునకు తరలిపోయెను. అప్పుడు చెన్నపట్నపు ప్రభుత్వము క్రింద నున్న గంజాము సీమ 1936లో ఒరిస్సాలో చేరినది. మాసముల తరబడి పరభాషల నడుమ తిరిగిన ఆ యాత్రికుల చెవులకు అచ్చట మరల తెలుగుమాట సోకెను.

శ్రీకాకుళపు సీమలో వంశధార, నాగావళి కొండలలో పుట్టి కొద్దిదూరమే ప్రవహించి సముద్రమున పడును. కొండలు దగ్గరగా నుండుటచే ఇచ్చటి నదులు పొట్టివి. కొండలలో వాన కురిసిన కొద్ది గడియలకే దిగువ నదులకు వరద వచ్చును. విశాఖపట్టణమున కొండ ముక్కువలె సముద్రములోనికి చొచ్చుకొని యుండును. నేటి ఓడరేవు 1933లో ప్రారంభమైనది. వీరాస్వామయ్య వచ్చిన నాటికి అది లేదు. ఓడలు దూరముగా నీటిలో నిలిచెడివి. సరకులను పడవలపై దరికి చేర్చెడివారు.

రాజమహేంద్రవరమున ఆయనకు గోదావరి ఎదురయ్యెను. నిర్మల మార్గమున ముందటి యేడు ఆయన దాటిన నదియే ఇది. త్ర్యంబకమున పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరి ఇచ్చట సముద్రమువలె విశాలమగును. ధవళేశ్వరము దిగువన నది గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలును. కొండలలో వడిగా పరుగెత్తిన నీరు సమతలమునకు వచ్చి వేగము తగ్గును. వేగము తగ్గగనే వెంట తెచ్చిన ఒండ్రుమట్టిని దించివేయును. వేల యేండ్లుగా పడిన ఆ మట్టియే డెల్టా భూమి. ఎగువ సీమలలోని కొండల రాయి అరిగి, మెట్టచేల మట్టి కొట్టుకొనివచ్చి, దిగువ వరిచేనుగా మారినది. గోదావరి డెల్టాకు, కృష్ణా డెల్టాకు నడుమ పల్లపు భూమిలో కొల్లేరు సరస్సు ఏర్పడినది.

మచిలీపట్నమున ఆంగ్లేయులు 1611లోనే వర్తకస్థానము నెలకొల్పిరి. అచ్చటి అద్దకపు వస్త్రములు ఓడలెక్కి దూరదేశములకు పోయెను. సముద్రము ఇచ్చిన సంపదతోపాటు భయమును ఇచ్చెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో ఆ ప్రాంతమున ముప్పదివేలమంది వరకు మరణించిరి. గోదావరీముఖమున నున్న కోరంగి రేవు 1839 నాటి తుపానులో ధ్వంసమయ్యెను. వీరాస్వామయ్య ప్రయాణము చేసిన తీరమునకు, తరువాతి తరముల వారు చూచిన తీరమునకు ఇట్టి భేదములు కలవు.

ఈ సీమలోనే ఆయన కృష్ణను రెండవసారి దాటెను. నల్లమలలో రాతిగోడల నడుమ ఇరుకుగా పరుగెత్తిన నది ఇక్కడ వెడల్పయి, మందముగా, ఒండ్రునీటితో సముద్రమువైపు సాగుచుండును. ఎగువను రైతునకు అందని నీరు దిగువన నేలకు సమీపముగ ప్రవహించును. అట్లని దిగువవారు ఆ నాడు సుఖముగా నుండిరని తలపరాదు. అప్పటికి ధవళేశ్వరమున ఆనకట్ట లేదు, బెజవాడలోను లేదు. వరద వచ్చినపుడు ఊళ్లు మునుగును. వాన రానపుడు నది ప్రక్కనే పైరు ఎండును. ఆయన పోయిన మరుసటి సంవత్సరమే, 1832లో, నందననామ సంవత్సరపు కరువు మొదలయ్యెను. 1833లో అది దారుణమయ్యెను. గుంటూరు సీమలో సుమారు ఐదులక్షల జనులలో రెండులక్షలమంది వరకు నశించిరని చరిత్ర చెప్పుచున్నది. రెండు మహానదులు సముద్రములో కలియుచుండగా ఆ నదుల నడుమ జనులు ఆకలితో చచ్చిరి. ఆర్థరు కాటను పర్యవేక్షణలో ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. అటుపిమ్మటనే ఆ తీరము నేడు మనమెరిగిన అన్నపూర్ణయైనది. డెల్టాకు మట్టిని నది తెచ్చినది. పంటను మాత్రము మనుష్యుల శ్రమ తెచ్చినది.

అటుపై ఆయన నెల్లూరు సీమలోని ఇసుకపర్రలు, పెన్నానది దాటి 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్నము చేరెను. యాత్రకు 15 నెలల 15 దినములు పట్టెను. నడచిన దూరము సుమారు 2,500 మైళ్లు, అనగా 4,000 కిలోమీటర్లు.

ఆయన వ్రాసిన తెలుగు పండితులు కావ్యములలో వాడు తెలుగు కాదు. ఇంటిలోను కచేరీలోను వాడు మాటలే ఆయన గ్రంథమున నిండియున్నవి. హిందూస్థానీ మాటలు, అరవ మాటలు, ఆంగ్లపు మాటలు అవసరమును బట్టి అందు చేరినవి. తాను పోయిన త్రోవను రేపు పోదలచినవానికి అర్థము కావలెనని ఆయన కోరిక. అందుచేత తెలుగు వ్యావహారిక వచనమునకు తొలినాటి నిదర్శనములలో నొకటిగా ఆ గ్రంథము నిలిచెను.

ఆయన తన గ్రంథమును అచ్చులో చూచుకొనలేదు. 1836 అక్టోబరు 3వ తేదీన పరమపదించెను. వ్రాతప్రతులు పెట్టెలో పడి చెదలపాలు కావలసినవే. కాని మిత్రుడు శ్రీనివాసపిళ్ళె మాట మరచువాడు కాడు. వ్రాయుమని కోరినవాడే అచ్చొత్తించు భారమును వహించి 1838లో కాశీయాత్ర చరిత్రను ప్రకటించెను. 1869లో అది మరల ముద్రింపబడెను. తరువాత చాలకాలము అది దుర్లభమై యుండగా, బెజవాడ న్యాయవాదియు చరిత్రపరిశోధకుడునైన దిగవల్లి వేంకటశివరావు దానిని పరిష్కరించి 1941లో వెలువరించెను. ఒకరు చూచి వ్రాయగా, ఒకరు అచ్చొత్తింపగా, ఒకరు మరల వెలికితీయగా ఆ జ్ఞానము నిలిచినది. ఈ మువ్వురిలో ఒక్కరు అలసత్వము వహించినను 1830 నాటి పాలమూరు, 1831 నాటి కోస్తా మనకు ఇంత స్పష్టముగా తెలియకపోయెడివి.

వీరాస్వామయ్య చూచిన సీమలు ఇప్పుడట్లు లేవు. పాలమూరు 1890లో మహబూబునగరమయ్యెను. శ్రీశైలము వద్ద ఆనకట్ట కట్టగా కృష్ణయొడ్డున నున్న పెక్కు గ్రామములు జలాశయమున మునిగిపోయెను. నల్లగొండ సరిహద్దున నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. లోయలో దిగబడి పొలమునకు అందకుండిన నీరు ఆ కాలువల మీదుగ మెట్టచేలలో కొన్నింటికి చేరెను. ఇంకను అందని చేలు ఎన్నియో కలవు.

సముద్రము చూడని మెట్టసీమ బాలుడు తీరమును నేర్చుకొనుటకు తన ఊరి వాగునుండి మొదలిడవచ్చును. ఆ వాగు ఏ యేటిలో కలియుచున్నదో, ఆ యేరు ఏ నదిని చేరుచున్నదో, ఆ నది యొడ్డున ఏ యూళ్లున్నవో, నీరు ఎచ్చట అందుచున్నదో, ఎచ్చట అందుట లేదో, అందకపోవుటకు కారణమేమో ఒక్కొక్కటిగ అడిగి తెలిసికొని, కన్నది కన్నట్లు ఒక పుస్తకమున వ్రాసికొనిన చాలును. తండ్రిలేని తొమ్మిదేండ్ల బాలుడుగా చదువు మొదలిడి, యాభైయేండ్ల వయస్సున రెండువేల అయిదువందల మైళ్లు ప్రయాణించి, వీరాస్వామయ్య చేసిన పనియు అదియే.